పన్నెండు గ్రాముల ఉండ: తలకు దెబ్బ తగిలాక నా తీపి లెక్కలు

నేను టైలర్‌ని. ఇది నా కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నది. ముందు నుంచి తిప్పితే ఛాతీ, నడుము, చేయి పొడవు. వెనక నుంచి తిప్పితే నువ్వులు, బెల్లం, నిమిషాలు. తలకు దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నవాళ్లకి, వాళ్లకి వండిపెట్టేవాళ్లకి పనికొస్తుందని సాఫుగా తిరగరాస్తున్నాను.

2023 అక్టోబర్‌లో హసన్‌పర్తి దాటాక బండి జారి పడ్డాను. హెల్మెట్ పెట్టుకోలేదు. మెదడు ముందు భాగం ఎడమవైపు కమిలిందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ అవసరం పడలేదు. పదహారు రోజులకు మట్టెవాడలోని ఇంటికి వచ్చాను. అప్పటికి కుడిచేతిలో పట్టు తగ్గింది, వాసన పూర్తిగా పోయింది, తీపి యావ పట్టుకుంది.

డిసెంబర్ 2023

ఆ యావ ఎట్లా ఉండేదో ముందు చెప్పాలి. దెబ్బకు ముందు నేను చాయ్‌లో అర చెంచా చక్కెర వేసుకునేవాడిని, అంతే. ఇంటికొచ్చాక రాత్రి పదకొండుకు లేచి చక్కెర డబ్బాలో చెంచా పెట్టి తినడం మొదలైంది. అమ్మ డబ్బా జాగా మార్చింది. నేను వెతికి పట్టుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చిన మైసూర్‌పాక్ ఒక్క పూటలో ఖాళీ చేశాను. చేయి అటు పోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంటుంది, ఆపాలనీ ఉంటుంది, ఆగదు. నుదురు వెనక ఉండే మెదడు బ్రేకులాగా పనిచేస్తుందని, దెబ్బ అక్కడే తగిలింది కాబట్టి కొన్నాళ్లు బ్రేకు సరిగా పడదని డాక్టర్ చెప్పాక సిగ్గు కొంత తగ్గింది. ఫిట్స్ రాకుండా నేను వాడుతున్న వాల్ప్రోయేట్ మాత్రకు ఆకలిని, బరువును పెంచే గుణం ఉందని కూడా అప్పుడే తెలిసింది. అట్లాగని మాత్ర మనంతట మనం ఆపొద్దు. ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌నే అడగాలి.

వాసన సంగతి నాకు ఇంకా ఆలస్యంగా అర్థమైంది. ముక్కు పైభాగం నుంచి మెదడుకు పోయే వాసన నరాల పోగులు చాలా సన్నవి. జల్లెడలా బెజ్జాలున్న ఎముక గుండా పైకి పోతాయి. తల గట్టిగా అదిరితే తెగిపోవచ్చు. మనం రుచి అనుకునేదాంట్లో చాలావరకు వాసనే. అది పోయాక పప్పు, చారు, కోడికూర అన్నీ నోట్లో ఒకే రకం వేడి ముద్దలు అయ్యాయి. తీపి ఒక్కటే నాలుకకు గట్టిగా తగిలేది. ఎంత తిన్నా తృప్తి ఉండేది కాదు, ఎందుకంటే బెల్లంలో బెల్లం వాసన లేదు, నెయ్యిలో నెయ్యి వాసన లేదు. సగం తీపినే తింటూ, మిగతా సగం కోసం ఇంకో చెంచా, ఇంకో చెంచా.

"మెదడుకు శక్తి కావాలి కదా బిడ్డా, తిననీయ్" అని అమ్మ అనేది. శరీరం బరువులో మెదడు రెండు శాతమే అయినా శక్తిలో ఇరవై శాతం దాకా అదే వాడుకుంటుంది, ఆ మాట నిజమే. కానీ అన్నం, జొన్నరొట్టె కూడా అరిగాక చక్కెరగా మారి మెదడుకే చేరతాయి. దానికి మైసూర్‌పాకే అక్కర్లేదు.

రెండు వారాలు యావ వచ్చిన టైమ్ రాసుకున్నాను. పొద్దున పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి పదిన్నర. నాలుగు గంటలది అన్నిటికంటే గట్టిది. ఫిజియోథెరపీ అయ్యాక, తల బరువెక్కి మాటలు తడబడే టైమ్ అది. అంటే నాకు ఆకలి కాదు, అలసట. మూడున్నరకు ఒక ఉడికిన గుడ్డు తిని, గ్లాసు మజ్జిగ తాగి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టాను. నాలుగు గంటల యావ ముందులా మీద పడటం మానింది. రాత్రిది మాత్రం కదల్లేదు.

జనవరి 2024, పొయ్యి లేకుండా

కొన్నవి తింటే ఆపలేకపోతున్నాను కాబట్టి, నేనే చేసి, లెక్కపెట్టి, డబ్బాలో పెట్టుకోవాలని అనుకున్నాను. బీట్‌బజార్‌లో చిన్న డిజిటల్ కాంటా కొన్నాం. పొయ్యి దగ్గరికి ఇంకా రానివ్వలేదు, అది సరైన నిర్ణయమే. మాడినా, గ్యాస్ లీకైనా నాకు వాసన రాదు.

ఖర్జూరం గింజ తీసి 150 గ్రాములు, నా భార్య వేయించి పొట్టు తీసిన పల్లీలు 80 గ్రాములు, శొంఠి పొడి ఒక చిన్న చెంచా. మిక్సీ చప్పుడు తలలో గునపం దింపినట్టు ఉండేది, అందుకని రోట్లో దంచాను. కుడిచేత్తో పది దెబ్బలు, ఎడమచేత్తో పది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఆగాను.

ఉండ ఎంత ఉండాలన్నది చెయ్యే తేల్చింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి తిప్పగలిగింది పన్నెండు గ్రాములు. అంతకంటే పెద్దదైతే జారిపోయింది. మొదటిరోజు తొలి అయిదు ఉండల బరువు గ్రాముల్లో 9, 16, 11, 18, 8. మొత్తం పద్దెనిమిది ఉండలయ్యాయి.

ఆ ఉండల్లో పనిచేసింది శొంఠి. వాసన పోయినా శొంఠి ఘాటు, మిరియం మంట, పుదీనా చల్లదనం తెలుస్తాయి. అవి ముఖానికి వచ్చే వేరే నరం ద్వారా చేరతాయి. మూడు నెలల తర్వాత నోట్లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఉండ నమలడానికి మూడు నిమిషాలు పట్టింది. రెండోది తిన్నాను, మూడోది అక్కర్లేదనిపించింది. పుస్తకంలో ఆ రోజు "3 వద్దు" అని రాసి కింద గీత గీశాను.

ఒక జాగ్రత్త. దెబ్బ తర్వాత మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇట్లాంటి జిగురు ఉండలు, పొడి లడ్డూలు పెట్టొద్దు. పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్పీచ్ థెరపిస్ట్ చూసి సరే అన్నాకే.

ఫిబ్రవరి 2024, బంగారం

నేను ఆసుపత్రిలో ఉండగా అమ్మ సమ్మక్క సారలమ్మలకు ఎత్తు బంగారం మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లమే, మనిషి బరువంత తూచి ఇస్తారు. ఆ ఏడు జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. అంత జనంలో, ఆ డప్పుల చప్పుడులో నేను ఉండలేను కాబట్టి వారం ముందే పోయి మొక్కు చెల్లించి వచ్చాం. కాంటా మీద కూర్చున్నాను. 66 కిలోలు. ఇంటికొచ్చిన రోజు నేను 55. నాలుగు నెలల్లో పదకొండు కిలోల తీపి ఒంటికి పట్టిందని ఎదురు పళ్లెంలోని బెల్లం ముద్దలు చూస్తే కళ్లకు కట్టినట్టు తెలిసింది. దారంతా మాట్లాడలేదు.

ప్రసాదంగా రెండు కిలోలు ఇంటికి వచ్చింది. బెల్లం ఏం చేయదని మా ఇంట్లో అందరి నమ్మకం. చేస్తుంది. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే, గ్రాముకు దాదాపు నాలుగు కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లు విడిగా కలిపే తీపిని 50 గ్రాములు దాటనీయకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. నేను 25 పెట్టుకున్నాను. చాయ్‌లోది కూడా అందులోనే. ప్రసాదాన్ని కాదనలేను, కాబట్టి కొట్టి, 70 గ్రాముల పొట్లాలుగా కట్టి పెట్టాను.

మార్చి 2024, నువ్వులు

పొయ్యి దగ్గరికి వచ్చాను. షరతులు: ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి, ఫోన్‌లో అలారం మోగుతుండాలి, అయిపోయాక మా పాప వచ్చి "బాపూ, పొయ్యి బంద్ చేసినవా?" అని అడగాలి, రెగ్యులేటర్ కూడా తిప్పి చూపించాలి.

నువ్వులు 100 గ్రాములు, బెల్లం 70, నీళ్లు ఒక చెంచా. నువ్వులు వేగాయని అందరికీ ముక్కు చెప్తుంది. నాకు చెవి చెప్పాలి. మొదటిసారి మాడ్చాను, రెండోసారి పచ్చిగా దించాను. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాను. అడుగు మందం గిన్నె, సన్న మంట. మూడు నిమిషాలు గరిటె రాపిడి తప్ప ఏమీ ఉండదు. తర్వాత ఒక్కటి చిట్ అంటుంది. కాసేపటికి ఇంకొకటి. అయిదో నిమిషం దాటాక రేకుల మీద తుంపర పడ్డట్టు అన్నీ కలిసి అందుకుంటాయి. ఆ చప్పుడు నిండుగా ఉండగానే దించి పళ్లెంలో పోయాలి. సద్దుమణిగేదాకా ఆగితే మాడినట్టే. గిన్నెలోనే వదిలితే అడుగువి నల్లబడతాయి.

పాకానికి కూడా అంతే. చల్లనీళ్ల పళ్లెంలో చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే ఉండ కట్టాలి. నొక్కితే కొంచెం లొంగాలి. పట్టీలకైతే ఇంకా ముదరాలి, ఆ ఉండను పళ్లెం అంచుకు కొడితే టక్కుమనాలి. నా చేతి వేగానికి అయిదు ఉండలు కట్టేసరికి మిగతాది గడ్డ కట్టింది. ఇప్పుడు వేడినీళ్ల గిన్నె మీద పాకం గిన్నె ఆనించి పెట్టి చుడుతున్నాను, చేయి తడి చేసుకుంటూ. పదమూడు ఉండలు వస్తాయి. ఒక్కోదాంట్లో బెల్లం అయిదు గ్రాముల పైన. రోజుకు మూడు. వాసన లేకపోయినా పళ్ల కింద నువ్వులు చిట్లుతుంటే తిన్నట్టు ఉంటుంది.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి తాగాను. తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం వేటికవి తెలిశాయి. మామిడికాయ వాసన మాత్రం లేదు, దాని పులుపు ఉంది.

మే 2024

ఏటూరునాగారం వైపు నుంచి ఒక పాత కస్టమర్ ఎండిన ఇప్పపువ్వు కిలో తెచ్చిచ్చాడు. ఆదిలాబాద్‌లో ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు దీంతో లడ్డూలు చేసి అమ్ముతారు. పువ్వులోనే బోలెడు తీపి ఉంది. కేసరాలు, మట్టి ఏరి, కడిగి, బట్ట మీద ఆరబెట్టి, సన్న మంట మీద ఎనిమిది నిమిషాలు వేయించాను. ఇప్పపువ్వు 100, నువ్వులు 50, పల్లీలు 50, బెల్లం 25. రోట్లో దంచితే నూనె వదిలి ముద్దయింది. నా భార్య ఆ ఘాటు వాసన భరించలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఆ బాధ లేదు, ఎండుద్రాక్ష నమిలినట్టుంది. ఉండలు 13, 12, 11, 12, 14.

జూన్

ఒక తప్పు జరిగింది. పల్లీలు పాతవై మక్కిపోయాయి, నాకు తెలియలేదు, ఉండలు చేసి పాపకు స్కూల్ డబ్బాలో పెట్టాను. పాప తినకుండా వెనక్కి తెచ్చింది, నా మనసు కష్టపెట్టొద్దని ఎవరికీ చెప్పలేదు. రెండురోజుల తర్వాత అమ్మకు తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతి డబ్బా మీద చేసిన తేదీ రాసిన గుడ్డ పీలిక అంటిస్తున్నాను. పల్లీవి పది రోజులు, నువ్వులవి పదిహేను. నెయ్యి, పాలు, పల్లీలు వాడేముందు ఇంట్లో ఒకరు వాసన చూడాల్సిందే.

జూలై, ఆగస్టు

వాసన సాధన, అంటే పోయిన వాసన తిరిగి రావడానికి రోజూ చేసే అభ్యాసం. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. ఈ నాలుగింటితోనే జర్మనీలో ఈ పద్ధతిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. పొద్దున, రాత్రి, ఒక్కోదాన్ని ఇరవై సెకన్లు, దాని వాసనను గుర్తు చేసుకుంటూ. చక్కెర డబ్బా గుర్తొచ్చే పదిన్నరకే రాత్రి సాధన పెట్టుకున్నాను. డబ్బా వైపు పోవడం చాలామటుకు ఆగింది. నలభై మూడు రోజులు ఏమీ లేదు. నలభై నాలుగో రోజు లవంగం దగ్గర ఏదో తెలిసింది. ఘాటు కాదు, దాని వెనక ఉన్నది. డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసి చూశాను, లేదు. మర్నాడు మళ్లీ ఉంది. నిమ్మ, గులాబీ ఇంకా లేవు.

బరువు 61. మాత్ర మోతాదు కూడా డాక్టర్ తగ్గించారు, కాబట్టి అంతా ఉండల గొప్పే అనను.

అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ

మలీద నేనే చేశాను. జొన్నరొట్టెలు నాలుగు, వేడి మీదే నలిపి, బెల్లం 70 గ్రాముల పొట్లం ఒకటి, శొంఠి, రెండు చెంచాల నెయ్యి, నెయ్యిలో రెండు లవంగాలు వేయించి నలిపి వేశాను. వేడి రొట్టె నలపడం కుడిచేతికి మంచి పని, కాలకుండా పాత పత్తిగుడ్డ అడ్డం పెట్టుకోవాలి. పెద్ద ముద్దలు చేయమంది అమ్మ, గౌరమ్మకు నైవేద్యం కాబట్టి అవి రెండు ఆమే చుట్టింది. మిగతావి నావి. కాంటా మీద పెట్టాను: 12, 12, 12, 13, 12, 12, 11, 12.

పద్మాక్షి గుట్ట దాకా పోలేదు, మా గల్లీ చివరనే ఆడారు, గడప దగ్గర కూర్చుని చూశాను. పాప సత్తు పంచుతూ వచ్చి నా అరచేతిలో కూడా పోసింది. తిన్నాను.

రేపటికి: శొంఠి అయిపోయింది, తేవాలి. సీతాఫలం గుజ్జుతో చక్కెర లేకుండా ఏదైనా చేయొచ్చేమో చూడాలి. పాప లంగాకు కటింగ్ నేనే చేస్తానన్నాను, ముందు పాత చీర మీద గీత పెట్టి కత్తెర పట్టి చూడాలి.