టాప్ టెన్ పర్సెంట్ గొడవ

డల్లాస్‌లో మన వాళ్ల వీకెండ్ భోజనాలంటే పెరుగన్నం దాకా వెళ్లకముందే పిల్లల ర్యాంకుల మాట వచ్చేస్తుంది. మొన్న ఒకాయన, "మావాడు ఏ మారుమూల ఊళ్లోనో చదివుంటే క్లాసులో టాప్ టెన్ పర్సెంట్‌లో ఉండి, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో సీటొచ్చేదండీ, ఇదేం రూల్?" అన్నారు. ఆ రూల్ వెనక పెద్ద కథే ఉంది.

1946లో హీమన్ స్వెట్ అనే నల్లజాతి యువకుడికి టెక్సస్ యూనివర్సిటీ లా స్కూల్లో సీటివ్వలేదు, కేవలం జాతి కారణంగా. 1950లో సుప్రీంకోర్టు చెప్తే గానీ తలుపు తియ్యలేదు. తర్వాత్తర్వాత అలాంటి వాళ్లకు అవకాశం దొరకాలని అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోసాగారు. 1996లో, అదే లా స్కూలు మీద వేసిన హాప్‌వుడ్ కేసు తీర్పుతో అదీ ఆగింది. మరుసటి ఏడాదే శాసనసభ ఈ చట్టం తెచ్చింది: ఏ హైస్కూలైనా సరే, క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు. హ్యూస్టన్‌లో నల్లజాతి పిల్లలున్న బడికైనా, రియో గ్రాండే లోయలో మెక్సికన్ మూలాల పిల్లల బడికైనా, డల్లాస్ శివార్లలోని మా ఫ్రిస్కో బడికైనా అదే వాటా. చట్టంలో జాతి ఊసే లేదు.

అసలు బళ్లు జాతులవారీగా విడిపోయి ఉన్నాయి కాబట్టే ఇది పనిచేస్తోంది. అదే నాకు మింగుడుపడదు. పైగా ఈ చట్టం సీటిస్తుంది గానీ ఫీజు కట్టదు. ఆస్టిన్‌లో ఇప్పుడు పది కూడా కాదు, ఐదు శాతమే. అయినా 2023లో సుప్రీంకోర్టు దేశమంతటా అడ్మిషన్లలో జాతిని చూడొద్దన్నాక, ఇంతకంటే మంచి దారి నాకైతే కనబడలేదు.

ఆయనతో ఒకటే అన్నాను: "మనిద్దరం ఇంజనీరింగ్‌లో చేరింది 85 శాతం లోకల్ కోటాలోనే కదండీ." ఆయన పెరుగు గిన్నె ఇటు జరిపి, క్రికెట్ ఎత్తుకున్నారు.