శ్రీకాళహస్తిలో రంగు కన్నా ఉతుకుడే ఎక్కువ

తిరుపతిలో ఎక్కిన బస్సు నిండా రాహుకేతు పూజకు వెళ్లేవాళ్లే. నా సంచిలో మాత్రం పూజ సామాను బదులు కోరా గుడ్డ. ఇంట్లో కుట్టే బ్యాగులకీ దిండు గలీబులకీ ఇన్నాళ్లూ ఫ్యాబ్రిక్ పెయింటే వేస్తున్నాను. ఆరాక గుడ్డ అప్పడంలా బిరుసెక్కుతుంది, సూది దిగదు. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీకి ఆ బాధ ఎందుకు లేదో చూద్దామని బయల్దేరాను.

గుడి దగ్గర ఒక షాపులో ఒళ్లు మండింది. స్క్రీన్ ప్రింట్ చీరను చేత్తో వేసిందంటూ వేలల్లో చెప్పారు. వెనక్కి తిప్పితే రంగు సగం కూడా దిగలేదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక కళాకారిణి ఇంటికి వెళ్లాను. ఆవిడ కలం వెదురు పుల్లే. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగించారు. రంగు అందులో నిలుస్తుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. నల్ల రంగంటే బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు వేసి రోజుల తరబడి ఊరేసిన ద్రవం. వాసన చెప్పక్కర్లేదు.

"నా గుడ్డ మీద ఒక గీత గీయండక్కా" అన్నాను. గీశారు. వట్టి తుప్పు మరక! అదే కలంతో తన గుడ్డ మీద గీస్తే చూస్తుండగానే నల్లబడింది.

"కరక్కాయ పట్టని గుడ్డకు నలుపు ఎట్లా వస్తాది పాపా?"

కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే నలుపట. కరక్కాయ నీళ్లలోనే గేదె పాలు కలిపి గుడ్డను ముంచి ఆరేస్తారు. పాలు లేకపోతే గీత పాకిపోతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, గుడ్డంతా మంజిష్ఠ వేర్లతో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పడుతుంది. ప్రతి పనికీ మధ్య ఉతుకుడు, ఎండ, మళ్లీ ఉతుకుడు. పారే నీళ్లయితే వదిలిన రంగు పక్కకు అంటదట. స్వర్ణముఖి నదిలో నేను చూసింది ఇసకే. అందుకే మోటారు నీళ్ల కింద ఉతుకుతున్నారు.

బొమ్మలు నేర్చుకుందామని వెళ్తే మధ్యాహ్నం దాకా తడి గుడ్డలు ఆరేయడానికి సాయం చేశాను. మొదట విసుగొచ్చింది. ఆరిన గుడ్డ చేతికి తగిలాక విసుగు పోయింది: అంత మెత్తగా ఉంది. రంగు పైన పేరుకోలేదు, నూలులోకే దిగింది.

కరక్కాయలు కొనుక్కుని బస్సెక్కాను. మా అపార్ట్‌మెంట్‌లో దొరికేవి ప్యాకెట్ పాలే. ముందు గేదె పాలవాణ్ణి వెతకాలి. ఉతికిన గుడ్డలు ఆరేయడానికి మేడ తాళం ఎలాగూ వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది.