ఉత్తర ఉగాండాలో మలేరియా, ఒక చిన్న ప్రమాదం: నా అనుభవం

ఉత్తర ఉగాండాలో గులు పట్టణానికి ఆవల ఉన్న ఒక గ్రామ ప్రాథమిక పాఠశాలకు, లెక్కల ఉపాధ్యాయులకు తోడుగా పనిచేయడానికి, నేను స్వచ్ఛంద సేవకురాలిగా వెళ్ళాను. ఆ పిల్లల గురించి, అక్కడి పాఠాల గురించి రాయవలసింది చాలా ఉంది గాని, ఇక్కడ రాయదలచుకున్నది అక్కడ జబ్బు పడటం గురించి, ఆ వెంటనే జరిగిన చిన్న ప్రమాదం గురించి, వాటి నుంచి ఎలా బయటపడ్డానన్న దాని గురించి మాత్రమే. సేవకు వెళ్ళేవారికి ముందుగా ఇచ్చే శిక్షణలో బోధన పద్ధతులకూ స్థానిక మర్యాదలకూ దక్కినంత సమయం ఈ విషయానికి దక్కదు. అది సరి కాదని నా అభిప్రాయం, ఎందుకంటే జబ్బు పడ్డ మనిషి భారం మొదట పడేది పంపిన సంస్థ మీద కాదు, ఆ ఊరివాళ్ళ మీద.

ఉగాండాలోకి ప్రవేశించడానికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం ఉండాలి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాత గాని అది చెల్లుబాటు కాదు. మలేరియా రాకుండా డాక్టరు నాకు డాక్సీసైక్లిన్ రాశారు. దాన్ని బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్ళూ రోజుకొకటి చొప్పున వేసుకుని, ఆ ప్రాంతం వదిలిన తర్వాత కూడా 4 వారాల పాటు కొనసాగించాలి. ఏ మాత్ర అయినా పూర్తి రక్షణ ఇవ్వదని, దోమతెర కట్టుకోక తప్పదని, జ్వరం వస్తే అది మలేరియాయేనని అనుకుని 24 గంటల లోపు రక్తపరీక్ష చేయించుకోవాలని ఆయన పదే పదే చెప్పారు. తర్వాత నన్ను కాపాడింది ఆ చివరి మాటే.

ముందుగా వచ్చింది విరేచనాలు, వాంతులు. గ్రామంలో సెలైన్ ఎక్కించే వసతి లేదు గనుక మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఓఆర్ఎస్ పొట్లం కలుపుకుని గుటక గుటకగా తాగుతూ గడిపాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సరిపోని స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్ళతోనే ఎందరి ప్రాణాలో నిలబెట్టారు. ఆసుపత్రి లేని చోట ఉన్నవాళ్ళకు ఆ పొట్లం విలువ మాటల్లో చెప్పలేనిది. విరేచనాలు త్వరగానే కట్టుకున్నాయి గాని, ఆ రోజుల్లో వేసుకున్న డాక్సీసైక్లిన్ మాత్రలు వాంతిలో పోయాయి. అలా ఏర్పడిన ఖాళీలోనే మలేరియా సోకి ఉంటుందని తర్వాత గులులో చూసిన డాక్టరు అభిప్రాయపడ్డారు. దోమ కుట్టిన తర్వాత జ్వరం బయటపడటానికి కనీసం వారం పడుతుంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది.

జ్వరం ఒక మధ్యాహ్నం తరగతిలో ఉండగా మొదలైంది. మొదట వీపులో చలి, తర్వాత పళ్ళు కొట్టుకునేంత వణుకు, ఆ మీదట ఒళ్ళు కాలిపోవడం, కణతల్లో నొప్పి వరుసగా వచ్చాయి. వెంటనే ప్రధానోపాధ్యాయుడికి చెప్పాను, ఆయన విలేజ్ హెల్త్ టీములో పనిచేసే ఒక ఆమెను పిలిపించారు. ఉగాండాలో ప్రతి గ్రామంలోనూ ఇలాంటివారు ఉంటారు. వాళ్ళకు జీతం లేదు, వాళ్ళూ స్వచ్ఛంద సేవకులే. అయిదేళ్ళ లోపు పిల్లలకు మలేరియా పరీక్ష చేసి మందు ఇవ్వడానికి వాళ్ళకు శిక్షణ ఉంటుంది. తన దగ్గరున్న కిట్లు పిల్లల కోసం వచ్చినవని, పెద్దవాళ్ళకు వాడకూడదని, నన్ను హెల్త్ సెంటర్‌కు తీసుకువెళ్తానని ఆమె సూటిగా చెప్పింది. ఆ నియమాన్ని ఆమె పరాయి దేశం నుంచి వచ్చిన అతిథి కోసం కూడా సడలించకపోవడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. చేతిలో ఒక గొడుగు పట్టుకుని, దారి పొడవునా నా పక్కనే కూర్చుని వచ్చింది.

అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో హెల్త్ సెంటర్-2, 3, 4 అని అంచెలు ఉంటాయి. మూడో అంచె కేంద్రంలో చిన్న ప్రయోగశాల, క్లినికల్ ఆఫీసర్ (డాక్టరు కాకపోయినా రోగులను చూసి మందు రాసే శిక్షణ పొందినవారు) ఉంటారు. డాక్టరు ఉండేది నాలుగో అంచె నుంచి. మేము వెళ్ళింది మూడో అంచె కేంద్రానికి. వేలిని పొడిచి, ఒక్క చుక్క రక్తం తీసి కిట్ మీద వేశారు. పావుగంట దాటేసరికి రెండో గీత స్పష్టంగా కనిపించింది, అంటే మలేరియాయే. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం మలేరియా. చికిత్స ఆలస్యమైతే మెదడుకూ మూత్రపిండాలకూ ముప్పు తెచ్చేది ఇదే. మాత్రలు మింగగలుగుతున్నానా, స్పృహ సరిగా ఉందా అని చూసి, ఆర్టిమీథర్, లుమిఫాంట్రిన్ కలిసిన మాత్రలు రాశారు. అక్కడ అందరూ దాన్ని కోఆర్టెమ్ అనే పిలుస్తారు.

ఆ మందు వేసుకునే తీరు ఖచ్చితంగా పాటించవలసినది. పెద్దవాళ్ళకు పూటకు 4 మాత్రలు. మొదటి మోతాదు పడిన 8 గంటలకు రెండోది. తర్వాత రెండు రోజులూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంతా కలిపి 24 మాత్రలు. లుమిఫాంట్రిన్ ఒంటబట్టాలంటే కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకోవాలి. తిండి చూస్తేనే వికారం పుట్టే స్థితిలో నాతో ఉన్న ఉపాధ్యాయురాలు పాలు కాచి ఇచ్చింది, వేరుశనగ, నువ్వులు నూరిన ముద్దను వేలితో నాకించింది. మింగిన గంట లోపు వాంతి అయితే ఆ మోతాదు మళ్ళీ వేసుకోవాలని కూడా చెప్పారు. అందుకని ప్రతి పూటా ఆమె గడియారం చూస్తూ గంట నిండేదాకా నా మంచం దగ్గరే ఉండేది. మత్తుగా పడి ఉండటం, ముదురు రంగు మూత్రం, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూర్ఛ, మందు కడుపులో నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తరలించాలని క్లినికల్ ఆఫీసర్ కాగితం మీద రాసి ఇస్తే, ఆమె దాన్ని గోడకు అంటించింది. రోగి తన స్థితిని తానే అంచనా వేసుకోలేరు గనుక, ఆ జాబితా తెలిసిన మనిషి పక్కన ఉండటం మందు ఎంత అవసరమో అంత అవసరం.

ఇంకో విషయం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఉగాండాలో 2001 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రుసుములు లేవు. మందు ఉచితం. కాని మందులు అయిపోయి, పిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లులు ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళడం నేను చూశాను. బీమా ఉన్న నాలాంటివారు ఆ కొద్దిపాటి నిల్వలో వాటా తీసుకోవడం న్యాయం కాదు. అందుకే మొదటి మోతాదు మాత్రమే అక్కడ తీసుకుని, మిగతా మందు గులులోని ఒక ప్రైవేటు క్లినిక్ నుంచి తెప్పించుకున్నాను. తర్వాత అక్కడికే వెళ్ళి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూపించుకున్నాను. కిట్ పరీక్ష చికిత్స తర్వాత కూడా కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు, కాబట్టి పరాన్నజీవి పోయిందో లేదో తేల్చవలసింది స్లైడే. స్లైడులో ఏమీ కనిపించలేదు. డాక్సీసైక్లిన్ మళ్ళీ కొనసాగించమన్నారు.

నీరసం మాత్రం జ్వరంతో పోలేదు. మెట్లెక్కితే గుండె దడ, బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణుకు. ఆ స్థితిలో గులు నుంచి తిరిగి వస్తుండగా వానకు తడిసిన ఎర్రమట్టి దారిలో నేనెక్కిన బోడా-బోడా జారింది. అక్కడ మనుషులను చేరవేసే మోటారు సైకిళ్ళను అలాగే అంటారు. బండి నెమ్మదిగా వెళ్తున్నది, తలకు హెల్మెట్ ఉన్నది, ఎముకలు విరగలేదు. నడిపే అతనికి మోచెయ్యి గీరుకుపోయింది. నా కుడి పిక్క సైలెన్సరుకు తగిలి కాలింది. పక్క ఇంటివాళ్ళు జెర్రీ క్యాన్లతో మోసుకొచ్చిన నీళ్ళను కాలిన చోట 20 నిమిషాల పాటు ధారగా పోశారు. ఆ నీళ్ళు వాళ్ళు బోరింగు నుంచి ఎంత దూరం మోసుకొచ్చారో నాకు తెలుసు. ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు గాని వద్దని మర్యాదగా చెప్పి, శుభ్రమైన గుడ్డ కప్పుకుని క్లినిక్‌కు వెళ్ళి, కట్టు కట్టించుకుని ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకున్నాను.

ఆ పడటంలో ఫోను పగిలిపోయింది. ఉగాండాలో క్లినిక్ బిల్లు మొదలుకొని కూరగాయల దాకా మొబైల్ మనీతోనే నడుస్తుంది కాబట్టి ఫోను పోతే డబ్బు కూడా పోయినట్టే అనిపిస్తుంది. కాని ఖాతా సిమ్ముకు ముడిపడి ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడి పాత మీటల ఫోనులో నా సిమ్ము వేయగానే డబ్బు చేతికి వచ్చింది. బీమా కంపెనీ 24 గంటల సహాయ నంబరు, పాలసీ సంఖ్య, రక్తం గ్రూపు, పాస్‌పోర్టు నకలు, కంపాలాలోని భారత హైకమిషన్ నంబరు కాగితం మీద రాసుకుని సంచిలో పెట్టుకోవడం వల్ల ఆ సాయంత్రమే బీమా వాళ్ళకు ఫోను చేసి కేసు సంఖ్య తీసుకోగలిగాను.

క్లెయిము విషయంలో ఓపిక కావాలి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న చికిత్సకు ముందు మనమే చెల్లించి తర్వాత రాబట్టుకోవాలి. మొబైల్ మనీ సందేశాన్ని రసీదుగా ఒప్పుకోలేదు. ముద్ర ఉన్న బిల్లు, డాక్టరు చీటీ, ప్రయోగశాల నివేదిక, పాస్‌పోర్టులో ప్రవేశ ముద్ర ఉన్న పేజీ, అన్నీ అడిగారు. హెల్మెట్ ఉందా అని ప్రత్యేకంగా అడిగారు, ఎందుకంటే అది లేకుండా బండెక్కితే కొన్ని పాలసీలు చెల్లించవు. స్వచ్ఛంద సేవను పాలసీ అనుమతిస్తుందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలని నేను అందరికీ చెబుతాను. విహారయాత్ర పాలసీలన్నీ దాన్ని ఒప్పుకుంటాయని అనుకోకూడదు. డిడక్టిబుల్ (పాలసీ ప్రకారం మన వాటాగా మనమే భరించవలసిన మొత్తం) పోను మిగతా సొమ్ము నాకు వచ్చింది.

పిక్క మానే వరకు కూర్చునే పాఠాలు చెప్పాను, తర్వాత గడువు పూర్తయ్యేదాకా పనిచేసి తిరిగి వచ్చాను. వచ్చాక కూడా 4 వారాలు డాక్సీసైక్లిన్ వాడాను. ఆ ప్రాంతం నుంచి వచ్చినవారికి ఏడాది లోపు ఏ జ్వరం వచ్చినా తాము ఎక్కడికి వెళ్ళి వచ్చారో డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే చెప్పకపోతే ఆయనకు మలేరియా అనుమానం రాకపోవచ్చు. నాకు ఒకసారి జలుబుతో జ్వరం వచ్చినప్పుడు ఉగాండా సంగతి చెప్పి స్లైడు పరీక్ష అడిగి చేయించుకున్నాను. అందులో మలేరియా లేదు.