వేసవి టాపు: కొలతలు అమ్మాయివి, బొందు నాది

ఎండలు ముదిరాయంటే చాలు, పరాయి దేశంలో ఎదుగుతున్న ఆడపిల్లలున్న ఇళ్లలో బట్టల మీద వాదన మొదలవుతుంది. చేతుల్లేనిది కావాలని వాళ్లు, మరీ అలాంటిది వద్దని మనం. అందరూ వేసుకుంటున్నారు కదా అని వాళ్లు, అందరి సంగతి మనకెందుకని మనం. మా అమ్మాయికి 12 ఏళ్లు. కొట్లో తనకి నచ్చిన టాపు నాకు నచ్చదు. నాకు నచ్చి కొన్నది అలమారలోంచి బయటికి రాదు. ఈ గొడవకి మా ఇంట్లో చివరికి ఒక దారి దొరికింది. తన టాపు తనే అల్లుకోవడం. కొన దగ్గర కొక్కెం ఉండే క్రోషియా సూది తన చేతికిచ్చి నేను పక్కన కూర్చున్నాను.

బయట దేశాల్లో పిల్లల్ని పెంచుతున్న వాళ్లందరికీ ఈ పని చెయ్యమని గట్టిగా చెబుతాను. కొనే బట్ట విషయంలో సరే, వద్దు అనే రెండు మాటలే ఉంటాయి. అల్లే బట్టలో ప్రతిదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. మెడ ఎంత లోతుండాలి, కన్నాలు ఎంత పెద్దవుండాలి, పొడవు ఎక్కడ ఆపాలి. "మన పద్ధతి", "వాళ్ల పద్ధతి" లాంటి పెద్ద పెద్ద మాటలు పక్కకి పోయి టేపు బయటికొస్తుంది. సెంటీమీటర్ల దగ్గర ఎంత పట్టుదల ఉన్నవాళ్లకైనా రాజీ కుదురుతుంది.

ముందు దారం సంగతి, ఎందుకంటే టాపు తేలిగ్గా ఉంటుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. చాలామంది ఇంట్లో ఉన్న అక్రిలిక్ ఉన్నితో మొదలుపెడతారు. అది స్వెట్టర్‌కి బాగానే ఉంటుంది కానీ చెమట పీల్చదు, ఎండలో ఒంటికి అంటుకుంటుంది. వేసవికి నూలు దారమే మేలు. మా అమ్మాయి రెండు నూలు ఉండలు పక్కపక్కన పెట్టి, "రెండూ కాటనే కదా, ఇదెందుకు మెరుస్తోంది?" అని అడిగింది. మెరిసేది మెర్సరైజ్డ్ నూలు. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండు ఆయన, నూలుని కాస్టిక్ సోడాలో ముంచితే దారం గట్టిపడి రంగు బాగా పట్టుకుంటుందని గమనించాడు, 1850లో పేటెంటు తీసుకున్నాడు. దారాన్ని బిగలాగి ఉంచి అదే పని చేస్తే ఈ మెరుపు వస్తుందని ఆ తర్వాత హొరేస్ లో (Lowe) అనే మరొకాయన చూపించాడు. కాస్టిక్ సోడా పేరు బళ్లో విన్నదే కాబట్టి తనకి ఈ కథ తెగ నచ్చింది. మేము మెరిసేదే తీసుకున్నాం.

నూలుకి ఒక గుణం ఉంది. ఉన్నిలా సాగి మళ్లీ వెనక్కి రాదు. దాని బరువుకి అదే కిందికి వేలాడుతూ పొడవవుతుంది. అందుకే సన్న దారం తీసుకోవాలి. చాలా దారాల లేబుల్ మీద 0 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ దారం లావు. వేసవి టాపుకి 1 గానీ 2 గానీ సరిపోతుంది. 1 అంటే సుమారుగా 100 గ్రాములకి 350 నుంచి 400 మీటర్లు వచ్చే దారం. సూది మాత్రం లేబుల్ చెప్పినదానికంటే ఒక సైజు పెద్దది పెట్టుకోవాలి. మాది 3.5 మిల్లీమీటర్లు. బిగువుగా అల్లితే బట్ట అట్టలా నిలబడిపోతుంది. కొంచెం వదులుగా అల్లితేనే ఒంటి మీద జారుగా పడుతుంది, గాలి ఆడుతుంది.

ఇక నమూనా ముక్క. అడ్డంగా 10, నిలువుగా 10 సెంటీమీటర్లు వచ్చేలా ముందు ఒక ముక్క అల్లాలి. ఇది పిల్లలకి అస్సలు నచ్చదు. "అమ్మా, వేస్ట్ కదా, ఈపాటికి నిజం టాపే కొంచెం అయ్యుండేది" అంది. నేను వినలేదు. ఆ ముక్కని ఉతికించి, బరువుకి ఎంత సాగుతుందో చూడటానికి కింద రెండు బట్టల క్లిప్పులు తగిలించి తడి ఆరేదాకా వేలాడదీయించాను. మళ్లీ కొలిస్తే పొడవు 11 సెంటీమీటర్లు. అప్పటికి మా మధ్య పొడవు దగ్గర పంచాయితీ నడుస్తోంది. నేను 45 అంటున్నాను, తను 40 అంటోంది. తనే కాగితం తీసి లెక్క వేసింది: 40 అల్లితే ఉతికాక 44 అవుతుంది. కాసేపు ఆ కాగితం వంకే చూసి, "అయితే 40 అల్లుతాను, 44 వస్తుంది, ఓకేనా?" అంది. ఓకే అన్నాను. అంతకుముందు దాదాపు అరిచినంత పనిచేసి మాట్లాడుకున్న విషయం అది.

చుట్టుకొలత కూడా తనే లెక్కగట్టింది. ఛాతీ 72, గాలి ఆడటానికి వదులు 8, మొత్తం 80. ముందు పలక 40, వెనక పలక 40. నమూనాలో 10 సెంటీమీటర్లకి 20 కుట్లు వచ్చాయి కాబట్టి ఒక్కో పలకకి 80 కుట్లు. లెక్క తప్పకుండా ప్రతి 20 కుట్లకీ ఒక గుర్తు తగిలించమన్నాను. ఇంకో ఉపాయం కూడా ఉంది అందులో. తెలుగులో ఇరవై దాకా తనకి తడబాటు లేకుండా వచ్చు, ఆపైన ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతుంది. ఒకటి నుంచి ఇరవై, మళ్లీ ఒకటి నుంచి ఇరవై, అలా నాలుగు సార్లు. వరస అయిపోతుంది, తెలుగు ఆగదు.

భాష గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పిల్లలకి తెలుగు నేర్పడమంటే అక్షరాలు, గుణింతాలు, పద్యాలు అనుకుంటాం. అవీ కావాలి. కానీ పిల్లల తెలుగులో నేను చూసే పెద్ద లోటు క్రియలు. వస్తువుల పేర్లు చెబుతారు, చేసే పని చెప్పాల్సి వచ్చేసరికి "పుల్ చెయ్యి, లూజ్ చెయ్యి" అంటారు. చేతిలో దారం ఉన్నప్పుడు ఆ మాటలు వాటంతట అవే కావాల్సొస్తాయి. లాగు, వదులు, చుట్టు, మెలిపెట్టు, బిగించు, విప్పు. "అమ్మా, ఇక్కడ వదులైపోయింది, రెండు వరసలు విప్పెయ్యనా?" అని తను అడిగింది. ఎవరూ దిద్దకుండా, ఎవరూ బతిమాలకుండా వచ్చిన వాక్యం అది. నాకెంత ఆనందంగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

అల్లిక ఎంపికలోనూ బేరం జరిగింది. తనకి మొత్తం కన్నాల కన్నాల జాలీ అల్లికే కావాలి. అమెరికా పేర్లతో చెబితే: ఒక డబుల్ కుట్టు (కాస్త పొడవాటి కుట్టు), ఒక చైన్ (గొలుసు కుట్టు), కింద ఒక కుట్టు వదిలెయ్యడం, మళ్లీ డబుల్. తేలిగ్గా ఉంటుంది, త్వరగా అవుతుంది, దారం తక్కువ పడుతుంది. కానీ లోపలిదంతా కనిపిస్తుంది. పై భాగం ఛాతీ కిందిదాకా హాఫ్ డబుల్‌తో (డబుల్ కంటే పొట్టి కుట్టు) నిండుగా, అక్కడి నుంచి జాలీగా అల్లుదామని తేల్చుకున్నాం. అల్లడం పైనుంచి కిందికి. ఎదిగే పిల్లకి అదే మంచిది, ఎందుకో చివర్లో చెబుతాను.

అమ్మమ్మ వీడియో కాల్‌లో చేరాక ఒక రోజంతా గందరగోళమే. మా అమ్మ నేర్చుకున్నది బ్రిటిష్ పేర్లతో, మా అమ్మాయి చూసే వీడియో అమెరికా వాళ్లది. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ బ్రిటిష్ వాళ్లకి ట్రెబుల్. పుస్తకం గానీ వీడియో గానీ ఏ దేశం లెక్కలో ఉందో మొదట చూసుకోకపోతే ఎత్తు మొత్తం మారిపోతుంది. ఇద్దరూ తమదే రైటని వాదించుకున్నారు. చివరికి మా అమ్మే, "పేర్లు వదిలెయ్యవే అమ్మడూ, చెయ్యి చూపించు" అంది. ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి కెమెరాకి దగ్గరగా వచ్చాయి. సూది మీద దారం ఒకసారి చుట్టి, లోపలికి దూర్చి, బయటికి లాగి, రెండేసి లూపులు చొప్పున వదిలారు. ఒకటే కుట్టు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యకి నేను వెళ్లాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు వదులు చేసుకోవడం, బిగించుకోవడం. ఈ టాపుకి ప్రాణం అదే. 12 ఏళ్ల పిల్ల ఒంటి కొలత ఏడాదికేడాది మారిపోతుంది. అందుకని పక్కలు కుట్టెయ్యలేదు. రెండు అంచుల్లోనూ చిన్న చిన్న లూపులు వదిలి, చంక కింది నుంచి నడుము దాకా తాడు అటూ ఇటూ మార్చి దూర్చాం. నడుము దగ్గరి జాలీ వరసలో బొందు. తాడు అల్లడం సులువు: కావలసినంత పొడవు చైన్ వేసుకుని, వెనక్కి తిరిగి ప్రతి చైన్‌లోనూ స్లిప్ స్టిచ్ (అన్నిటికంటే పొట్టి కుట్టు) వేసుకుంటూ రావాలి. అలా చేస్తే సాగదు. బొందుకైతే టాపు చుట్టుకొలతకి ఇంకో 60 సెంటీమీటర్లు కలుపుకుంటే ముడి వేసుకోవడానికి సరిపోతుంది.

బొందు ఎక్కించడం తనెప్పుడూ చూడలేదు. తన బట్టలన్నిటికీ ఎలాస్టిక్కే. ముందు బొందు ఒక కొసకి లావుగా ముడి వెయ్యమన్నాను, లేకపోతే ఈ కొస లాగుతుంటే ఆ కొస లోపలికి జారిపోతుంది. రెండో కొసకి పిన్నీసు గుచ్చి మూసి, దాని తలని ఒక కన్నంలోంచి పైకి, పక్క కన్నంలోంచి కిందికి పంపుతూ, నాలుగు కన్నాలయ్యాక బట్టని వెనక్కి సర్దడం చూపించాను. పిన్నీసు మొత్తం చుట్టూ తిరిగి మళ్లీ ముందుకొచ్చేసరికి, "ఇది భలే ఉందే!" అని బొందు లాగింది. నడుము దగ్గర కుచ్చులు పడ్డాయి. జాలీ అల్లిక నాకు నేర్పింది తను, బొందు తనకి నేర్పింది నేను.

భుజాల మీద పట్టీలు కూడా ముడి వేసుకునేవే. పట్టీ మొదలు ఒక్క కుట్టులోంచి తీస్తే బరువుకి అక్కడ సాగిపోయి పీలికవుతుంది. ఆరు కుట్ల వెడల్పుతో మొదలుపెట్టి పైకి పోనుపోనూ సన్నం చేశాం. చిన్నపిల్లలకి మాత్రం మెడ దగ్గర ఇలాంటి తాళ్లు పెట్టకండి. ఆటస్థలంలో దేనికైనా తగులుకుంటే ప్రమాదం. పిల్లల బట్టల తాళ్ల మీద యూరప్‌లో ఈఎన్ 14682 అనే ప్రమాణం ఉంది. 7 ఏళ్లలోపు పిల్లల బట్టలకి తల, మెడ దగ్గర లాగి బిగించే తాళ్లు ఉండకూడదని అందులో ఉంది. చిన్నవాళ్లకి పట్టీ మీద వరుసగా రెండు మూడు గుండీలు కుట్టి, ఎదిగేకొద్దీ పట్టీ కొసకి దగ్గరున్నది పెట్టుకోనిస్తే చాలు.

టాపు అల్లుతున్న రోజుల్లోనే ఒక సంగతి మాటల్లో వచ్చింది. అచ్చమైన క్రోషియా మిషన్ మీద రాదు. చూడ్డానికి అలాగే ఉండే మిషన్ బట్ట వేరే రకం అల్లిక. అంటే కొట్లో వేలాడే అసలైన క్రోషియా టాపు ఎక్కడో ఎవరో చేత్తో అల్లిందే. మా అమ్మాయి సూది ఆపి, "మరి అంత చవగ్గా ఎలా ఇస్తున్నారు? అల్లినవాళ్లకి ఎంతిచ్చుంటారు?" అని అడిగింది. చెయ్యి నొప్పి పుట్టాక వచ్చిన ప్రశ్న కాబట్టి తేలిగ్గా తీసుకోలేదు నేను. ఆ సాయంత్రం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ఆ టాపు వేసుకుని తిరుగుతోంది. స్నేహితులతో బయటికెళ్లేటప్పుడు పట్టీలు కొంచెం వదులుగా, బొందు బిగించి. ఇంటికి పెద్దవాళ్లు వస్తే పట్టీలు పైకి లాగి ముడేసి, బొందు వదులు చేసి. ఇందులో నేను ఒక్కమాట కూడా చెప్పలేదు. ఎక్కడ ఎలా ఉండాలో తనే చూసుకుంటోంది, ముడి తన చేతిలోనే ఉంది. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే పిల్లలు అయోమయంలో పడిపోతారని మనం టెన్షన్ పడతాం. నాకు మాత్రం ఈ పిల్లలో అయోమయం కనిపించలేదు.

ఉతకడం చల్లటి నీళ్లలోనే. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి, తాడు మీద వేస్తే ఇంకా సాగుతుంది. మిగిలిన దారం పారెయ్యలేదు. రంగు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారాలకి ఇచ్చే గుర్తు) రాసిన కాగితంతో సహా డబ్బాలో పెట్టాం, మళ్లీ కొంటే అదే రంగు సరిగ్గా దొరకదు. పైనుంచి కిందికి అల్లాం కాబట్టి వచ్చే ఏడాది కింది అంచు ఒక్కటి విప్పి అక్కడి నుంచే పొడిగించుకోవచ్చు. నాలుగు వరసలు కలపాలని నేను, రెండు చాలని తను. కాగితం, టేపు తీసి పెట్టమని చెప్పాను.