కాలవగట్టు మీద కుక్క పంచాయితీ

ఆదివారం.

అమలాపురం వైపు కాలవగట్టు రోడ్డు మీద పొద్దున్నే గుంపు. బైకు లాబ్రడార్‌ని గుద్దింది. కుక్కగలాయన పాతికవేలు అన్నాడు. బైకాయన "గొలుసు లేకుండా రోడ్డు మీదికి వదిలింది మీరు కాదాండీ" అన్నాడు. మధ్యాహ్నానికి పెద్దమనుషులు ఐదువేలకి తెంపేశారు. అంత తొందరగా తెంపడమే తప్పు.

కుక్కకి లోపలి దెబ్బ అదేరోజు బయటపడదు. ఊపిరితిత్తులు కమిలితే ఆయాసం మర్నాటికి పెరుగుతుంది. మూత్రాశయం చిట్లినా మొదట్లో కాస్తో కూస్తో పోస్తూనే ఉంటుంది, రెండో రోజుకి వాంతులు, నీరసం. "ఇక ఏమీ అడగను" అని సంతకం పెట్టాక ఆ స్కానింగ్ ఎవరు కట్టాలి? ఇవాళ్టి ఖర్చు ఇంత, ఎక్స్‌రే, స్కానింగ్ బిల్లు చూపిస్తే ఫలానా తేదీ దాకా ఇంతకి మించకుండా, అని రాయించాలి. బండి నంబరు, ఇద్దరు సాక్షులు.

కుక్కని కదపకముందే ఫోటోలు తియ్యాలి. బ్రేకు గీత, రోడ్డుకి ఏ పక్కన పడింది, మెడలో పట్టీ ఉందా. ఆ తర్వాత చెక్క మీదో మందపాటి దుప్పటి మీదో మోయాలి, నడుం వంగకూడదు. నొప్పికి సొంత యజమానినే కరుస్తుంది కాబట్టి మూతికి గుడ్డ కట్టొచ్చు, ఆయాసపడుతున్నా వాంతి చేసుకుంటున్నా వద్దు. మనం వేసుకునే పారాసిటమాల్ వెయ్యొద్దు. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

కేసు పెడతానని బెదిరించడం దండగ. అడ్డదిడ్డంగా నడిపిన నేరం మనుషుల ప్రాణానికి సంబంధించింది. కుక్క చనిపోయిన అలాంటి కేసుని బాంబే హైకోర్టు 2022లో కొట్టేసింది. జంతువుని చంపిన సెక్షన్‌కి, అంటే భారతీయ న్యాయసంహిత 325కి, కావాలని చేసినట్టు తేలాలి. చట్టం లెక్కలో కుక్క ఆస్తి. కొన్న బిల్లు, టీకాల కార్డు, వయసు చూస్తారు. ఊరకుక్కకి ధర లేకపోయినా వైద్యం ఖర్చు ఉంటుంది. పందెంకోడి అయితే యాభైవేలంటారు, పందెమే నేరమైనప్పుడు ఆ ధర ఏ కోర్టులో చెప్పుకుంటారో!

బండి థర్డ్ పార్టీ బీమాలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా కారుకి ఏడున్నర లక్షలు, బైకుకి లక్ష దాకా ఉంటుంది. ప్రీమియం తగ్గించుకుంటే ఆరువేలే. కంపెనీకి చెప్పకుండా "తప్పు నాదే" అని రాసిచ్చినా, డబ్బిచ్చినా క్లెయిము చిక్కులో పడుతుంది. మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలు. ఐదువేల కోసం ఎవరూ అంత దూరం పోరు, పాడిగేదె అయితే పోతారు. అప్పుడు పోస్ట్‌మార్టం కాకుండా పూడ్చెయ్యకూడదు. గేదెకి బీమా ఉంటే చెవి ట్యాగు జాగ్రత్త, అది లేకపోతే ఆ క్లెయిము కదలదు.