11 నెలల మట్టి

హైదరాబాదులో మా కాలనీ చివరనున్న ఖాళీ స్థలంలో కూరగాయలు పండించే సంఘానికి నేను నాలుగేళ్లుగా కోశాధికారిని. నా చేతికి మట్టి అంటిన రోజుల కంటే రసీదు పుస్తకం కార్బను మరక అంటిన రోజులే ఎక్కువ కాబట్టి, తెగుళ్ల గురించి అడిగేవారిని మా తోటమాలి దగ్గరికి పంపిస్తాను. నేను చెప్పగలిగినదల్లా లాభాపేక్ష లేని తోటను నడపడంలో ఉండే లెక్కల గురించే.

సంఘాన్ని నమోదు చేయడం కష్టమేమీ కాలేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తోట అనగానే కాలనీలో ఏడుగురేమిటి, ఇరవైమంది సంతకానికి సిద్ధమయ్యారు. కష్టమైంది ఆ తరువాతి సంతకం, అంటే స్థల యజమానిది. ఏడాది దాటితేనే కౌలును రిజిస్టరు చేయించాలన్న వాడుక నమ్మకంతో, ఇళ్ల అద్దెలకు రాసుకున్నట్టే ఆయన మాకూ 11 నెలల ఒప్పందమే రాసిచ్చారు. అందులో చెట్లు నాటరాదని ఒక షరతు కూడా చేర్చారు. చెట్టు పెరిగితే దానితోపాటు హక్కు కూడా పెరుగుతుందని ఆయన భయం. ఈ నగరంలో భూముల గొడవలు చూసినవారెవరూ ఆ భయాన్ని తప్పుపట్టలేరు.

ఇబ్బందల్లా మట్టికి 11 నెలల లెక్క తెలియకపోవడమే. ఆ స్థలంలో అంతకుముందు ఇళ్లు కట్టినవారు పారబోసిన సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు ఉండేవి. సున్నం వల్ల నేల క్షారగుణానికి తిరిగితే ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. మా మొదటి బెండ మొక్కల లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, తక్కినదంతా పాలిపోయింది ఆ కారణంగానే. అటువంటి నేలను పశువుల ఎరువుతో, ఆకుచెత్త కుళ్లబెట్టిన కంపోస్టుతో దారికి తేవడానికి ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది మనది అవునో కాదో తెలియని నేలలో ట్రాక్టరు ఎరువు ఎవరు వేస్తారు? అందుకని కోసేసిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లోను, గ్రో బ్యాగుల్లోను మట్టి నింపి, ఖాళీ చేయమంటే మోసుకుపోగలిగే తోటనే వేసుకున్నాము. నెల తిరక్కుండా కోతకు వచ్చే తోటకూర, పాలకూర, మెంతికూర మా ప్రధాన పంటలు కావడానికి రుచి కంటే ఒప్పందమే ఎక్కువ కారణం.

పండిన కూర ఎవరిది అన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని రెండేళ్లు వేధించింది. ఆదివారం పొద్దున వచ్చి కలుపు తీసినవారు రెండు కట్టలు ఇంటికి తీసుకువెళ్లడం మాకు సహజంగానే తోచేది. విరాళాలకు పన్ను మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టే సమయంలో ఆడిటరు గారు అదే చోట వేలు పెట్టారు. ఫలితం సభ్యులకే చేరితే అది దానధర్మ సంస్థ కాదనీ, సభ్యులు తమ కోసం తాము నడుపుకునే క్లబ్బు వంటిదనీ ఆయన అన్నారు. పోనీ అంతా అమ్మేద్దామంటే దానికీ హద్దు ఉంది: ‘సాధారణ ప్రజాప్రయోజనం’ పేరుతో నమోదైన సంస్థకు వ్యాపారం వంటి పనుల ద్వారా వచ్చే రాబడి ఆ ఏడాది మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. చివరకు సభ్యులైనా బయటివారైనా ఒకే ధరకు కొనుక్కోవాలనీ, ప్రతి కోతలో కొంత భాగం దగ్గరలోని అంగన్‌వాడీకి ఉచితంగా పంపాలనీ తీర్మానించాము. ఆ నెలలో ఆదివారాల హాజరు సగానికి పడిపోయిందని కూడా నిజాయితీగా రాయాలి.

విరాళాలతో అంతా నడిచిపోతుందనుకునే మిత్రులకు నేను అమెరికాలోని మిల్వాకీ నగరంలో పుట్టిన గ్రోయింగ్ పవర్ సంగతి చెబుతుంటాను. ఒకప్పటి బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు విల్ ఆలెన్ 1993లో మొదలుపెట్టిన ఆ నగర వ్యవసాయ సంస్థ వానపాముల ఎరువుకు, చేపల తొట్టి నీటితో కూరలు పెంచే పద్ధతికి పేరు పొందింది. 2008లో ఆయనకు 5 లక్షల డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆ తరువాత పెద్ద కంపెనీల నిధులూ వచ్చాయి. అయినా అప్పులు పేరుకుపోయి 2017లో సంస్థ మూతపడింది. పంట పండించడం రానివారు కారు వారు.

నిధులు వచ్చినా లెక్క కుదరని ఆ చిక్కు మా స్థాయిలో తోటమాలి జీతం రూపంలో కనిపిస్తుంది. మొక్కలకు నీడనిచ్చే వలకు (షేడ్ నెట్) డబ్బు అడిగితే, దాని మీద పేరు రాయించుకోవచ్చు కనుక, దాతలు వెంటనే ఇస్తారు. జీతం మీద ఎవరి పేరూ రాయలేము. బోరు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు నీటికి అయ్యే ఖర్చు కూడా అటువంటిదే. అందుచేత గత ఏడాది నుంచి వస్తువుల రూపంలో వచ్చే విరాళాలను తగ్గించి, నెలకు ఇంత అని ఇచ్చే చిన్న చందాదారుల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఈ పని నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

మళ్లీ జూన్‌లో ఒప్పందం గడువు ముగుస్తుంది. ఈలోగా ప్రహరీ గోడ వారగా ఎవరో ఒక మునగ కొమ్మ గుచ్చారు; గుచ్చినది తామేనని ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. షరతుకు విరుద్ధం కనుక దానిని తీసివేయాలని సమావేశంలో తీర్మానం రాసి, నేనే సంతకం చేశాను. అది ఇప్పుడు గోడ దాటి పెరిగింది. పోయిన ఆషాఢంలో మునగాకు కోసుకువెళ్లినవారిలో స్థల యజమాని గారి భార్య కూడా ఉన్నారు.