వరిమళ్లలో పెద్దతల ఈగ: జాతి తేల్చేదెలా?

పాకాల చెరువు ఆయకట్టు వరిగట్ల మీద వల ఊపితే వరి రసం పీల్చే పచ్చదోమలతో పాటు పెద్దతల ఈగలూ పడొచ్చు. ఇవి పిపంక్యులిడే కుటుంబం, తలంతా కళ్లే. ఆడ ఈగ పచ్చదోమ ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు లోపల్నుంచి తినేస్తుంది. అంటే ఇవి రైతుకు మేలుచేసే ఈగలు; మందు కొట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

రెక్క ముందంచున ముదురు మచ్చ లేదా? టోమోస్వారియెల్లా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కావచ్చు. జాతి దాకా వెళ్లాలంటే చాలావరకు మగదే కావాలి. పొట్ట కొస తుంచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వెచ్చబెట్టి, నీళ్లతో కడిగి, గ్లిజరిన్‌లో ఉంచి జననాంగాల బొమ్మ గీయాలి. ఎక్కువసేపు ఉడికితే మరీ పారదర్శకమై అంచులు కనిపించవు. ఒక్క ఆడ ఈగను చూసి కొత్త జాతి అనేయడం తొందరపాటే. మీసం మూడో కణుపు ఆకారం, కాళ్ల రంగు, రెక్క పొడవు, దొరికిన చోటు, తేదీ రాయండి.